తడి అన్న మాట

కలకత్తా రేవులో ఒంటి మీద మంచుగడ్డలు కట్టుకుని పనిచేసిన మొదటి తెలుగువాణ్ణి నేనే. ఒక వేసవంతా మంచు చొక్కా తొడుక్కుని ఓడ కడుపులో తుప్పు గీకాను. పైన డెక్కు మీద వాళ్ళు చెమటతో కరిగిపోతుంటే, లోపల నాకు చలి పుట్టి తువ్వాలు కప్పుకున్నాను.

ఈ మాట విని అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ మంచు చొక్కా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గార్డెన్ రీచ్‌లో ఓడలు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర మాకు పని. మేమంటే నేనూ, నా భార్య తమ్ముడూ. ఓడ అడుగున నీళ్ళ ట్యాంకులుంటాయి. మనిషి దూరేంత కంతలోంచి దిగి, సుత్తితో తుప్పు రాలగొట్టి, రంగు వెయ్యాలి. బయట ఎండ ఇనుమును కాలుస్తుంటే లోపల మేం వేగేవాళ్ళం. ఆ ఊళ్ళో చెమట పడుతుంది గానీ ఆరదు. అందుకని మేం అడిగింది ఒక్కటే, కంత దగ్గర బ్లోయరు పెట్టి లోపలికి గాలి కొట్టించమని. యూనియన్ లీడరు దాదా కూడా గేటు ముందు ఎర్రజెండా కింద నిలబడి గొంతు చించుకుని అదే అడిగాడు.

సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి చల్లటి కారులో ఒక బాబు దిగాడు. గాలి తేలేదు. ఒంటికి తొడుక్కునే చల్లదనం తెచ్చానన్నాడు. క్యాంటీను బల్ల మీద ఒక వెడల్పాటి టోపీ, నీళ్ళలో నానబెడితే ఉబ్బే మెడపట్టీ, మంచు సంచులు పెట్టుకోను జేబులున్న మందపాటి చొక్కా పరిచాడు. ఎంపిక మాదేనట. మాకేది నచ్చితే అదేనట.

"బ్లోయరు ఏది బావా?" అన్నాడు నా బావమరిది.

"సూడు, ఆ టోపీ కింద దాసినారేమో" అన్నాను.

టోపీ కంతలో పట్టలేదు. మెడపట్టీ ఆరితేనే చల్లన, ఆ గాలికి ఏదీ ఆరదు. చచ్చిన చేపను మెడకు చుట్టుకున్నట్టుంది. మా గంఛాలు, అదే మన తువ్వాళ్ళు, మాకు చాలు, బకెట్టు నీళ్ళు కంత దగ్గర పెట్టించండి చాలునన్నాం. గంఛా సేఫ్టీ సామాను కాదన్నాడు బాబు. పైగా సుత్తికి చుట్టుకుంటుందని ఆ రోజు నుంచి ట్యాంకులోకి గంఛాలే తేవద్దన్నాడు. అలా మా ఎంపిక చొక్కా మీద పడింది. గదిలో ఉన్న ఒకే ఒక్క పంకా బాబు తల మీద తిరుగుతోంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వేసవంతా అన్నాను గదా, నేను దాన్ని తొడుక్కున్నది ఫోటో తీసేదాకానే. బొజ్జ లోపలికి పీల్చి, బాబు నవ్వమంటే నవ్వాను. తువ్వాలు కూడా చలికి కప్పుకోలేదు, ముక్కుకు కట్టుకున్నాను. ఆ మంచు సంచుల్ని క్యాంటీను ఫ్రిజ్జులో చేపముక్కల పక్కన పెట్టేవారు మరి.

ఫోటో అయ్యాక చొక్కా నా బావమరిది వంతుకొచ్చింది. వాడు ఆదివారం మా తెలుగు చర్చిలో పాట ఎత్తేవాడు. మా సందులో కల్లు తాగేవాడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయే రకం.

ఒక మధ్యాహ్నం ట్యాంకులో వాడి సుత్తి చప్పుడు ఆగిపోయింది. చూస్తే గోడకు జారబడి ఉన్నాడు. మంచు ఎప్పుడో కరిగి వేణ్ణీళ్ళయింది, చొక్కా విప్పితే సూపర్‌వైజరు కేకలేస్తాడని విప్పలేదు. కళ్ళు తేలేశాడు. నాలిక మడతపడి ఏదో గొణుగుతున్నాడు. నేనూ, ఒక రంగుపని కుర్రాడూ పట్టి డెక్కు మీదికి లాగాం. లేవబోయి తూలి పడ్డాడు.

ఆ ఊళ్ళో తల నెరిసినవాణ్ణి. బెంగాలీలో బేరమాడగలను, తిట్టగలను, తిట్టించుకోగలను. ఆ క్షణంలో మాత్రం నోటికి అమ్మ భాషే వచ్చింది. తడిగుడ్డ తెమ్మని "తడి, తడి" అని అరిచాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొస్తున్నవాడల్లా ఆగాడు. వాళ్ళ భాషలో తాడి అంటే తాటికల్లు. వాడి తూలుడు చూశాడు, నా కేక విన్నాడు.

"తాడి ఖేయెఛే?" అన్నాడు. కల్లు తాగాడా అని.

నాకు మొదటి మాట తప్ప ఏదీ చెవికెక్కలేదు. "హ్యా దాదా, తడి, తడి, జల్దీ" అని తల కూడా ఊపాను.

"మద్రాసీలు పొద్దున్నే మొదలెడతారు" అన్నాడతను పక్కవాడితో.

రంగుపని కుర్రాళ్ళు నీళ్ళు కుమ్మరిస్తే వాడు బతికాడు. గేటు పాసు మాత్రం లాగేసుకున్నారు. తాగుబోతుకు పని లేదన్నారు. గాలాడని ఇనప్పెట్టెలో మనిషిని ఉడికించినవాళ్ళు నీతులు చెప్పారు. ఆ ఆదివారం చర్చిలో వాడు వెనక వరసలో కూర్చున్నాడు. పాట ఇంకెవరో ఎత్తారు. అంత చెడ్డగా ఎత్తిన పాట నేను మళ్ళీ వినలేదు.

నా భార్య కార్పొరేషన్‌లో రోడ్లూడ్చేది. ఇంటికొచ్చి తమ్ముడి మొహం చూసి "ఏటి సెప్పినావు మావా, ఆలకి?" అని నన్ను నిలదీసింది. చెప్పాను. లేచి బిందెలో గంఛా ముంచింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. బాబు బల్ల ముందు నిలబడి తడి గంఛాను అతని కాగితాల మీద పిండాను. "దీన్నే మేం తడి అంటాం. వాసన చూడు, కల్లుందేమో" అన్నాను. బాబు తడిసిన కాగితాలు దులుపుకున్నాడు. పక్కనున్న సూపర్‌వైజరు మొహం తిప్పుకున్నాడు. పాసు చేతికొచ్చింది. బ్లోయరు రాలేదు. బొజ్జ పీల్చుకుని నవ్వుతున్న నా ఫోటో మాత్రం చాన్నాళ్ళు గేటు దగ్గర వేలాడింది. దాని ముందు నుంచి పోతూ నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

ఇదంతా రాసి ఇంట్లో చదివి వినిపించాను. నా బావమరిది నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నా భార్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"ఆఫీసులో గంఛా పిండింది నాను. నువ్వు మెట్ల కాడే నిలబడి, ఎల్లిపోదారి రా, నా పని కూడా పోతాదన్నావు."