కోల్మన్ టబ్రిడీ నిదానం

కోల్మన్ టబ్రిడీ పశువులకు చూలు సూది వేసేవాడు. ఐర్లండ్‌లో, పడమటి క్లేర్‌లోని మా కిల్‌ఫరా చుట్టుపక్కల పుట్టిన దూడల్లో సగానికి పైగా ఆయన పుణ్యమే. ఊరంతా ఆయన్ని "టోపీ పెట్టుకున్న ఎద్దు" అనేది. దానికి ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. ఆదివారం మధ్యాహ్నాలు నోనీ లిల్లిస్ పబ్బులో మేమంతా కూడి వాయించుకునేదాన్ని ఎవరైనా "కోల్మన్ కచేరీ" అంటే మాత్రం మొహం మాడ్చుకునేవాడు.

"కచేరీ ఏంటయ్యా? ఇక్కడ పెద్దా లేడు, పెత్తనమూ లేదు. ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు, వాయించుకోవచ్చు."

ఎవరు ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆయన కనుబొమ్మలే చెప్పేవి. పొయ్యి పక్క కుర్చీ ఆయనది. గిటారు తెచ్చినవాళ్ళకు తలుపు దగ్గర, చలిగాలి కొట్టే బల్ల. డప్పు ఒక్కటే ఉండాలి. ఆ డప్పు నాది. "వీడు బాగా వాయిస్తాడు, అసలు వినపడదు" అని ఆయన మెచ్చుకోబట్టి దక్కిన పదవి అది. ఒకసారి లిమెరిక్ నుంచి ఒక ఫిడేలు ఆసామి వచ్చి, వాయించడంలో ఆయన్ని దాటి పరుగు పెట్టాడు. కోల్మన్ తన కాన్సర్టినాను మధ్యలోనే మూసేసి, "ఏం బాబూ, బస్సు టైమైందా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ మనిషి మళ్ళీ మా ఊరి ఛాయలకు రాలేదు.

కాన్సర్టినా అంటే రెండు చేతుల మధ్య ఇమిడే చిన్న గాలిపెట్టె. దాని మీటల మీద వేళ్ళు చకచకా ఆడాలి. ఏళ్ళ తరబడి చలికాలపు కొట్టాల్లో తడిసిన ఆ వేళ్ళు, ఆయన ఉద్యోగం మానేనాటికి కణుపుల దగ్గర ఉబ్బి బిగుసుకుపోయాయి. వాయించడం మెల్లమెల్లగా మందగించింది. ఆ సంగతి ఆయన గమనించలేదు. గమనించనివ్వకుండా మేమే చేశాం. ఎవరమూ అనుకుని చేసింది కాదు. ముందు ఫిడేలు బ్రీడా హోనన్ వేగం తగ్గించింది. ఆమెను చూసి ఫ్లూటు సెనన్ లూబీ తగ్గాడు. నా డప్పు ఎలాగూ వినపడదు కాబట్టి నాకు కష్టం లేదు. ఏడాదికేడాదీ అలా తగ్గుతూ పోయాం. కాళ్ళు ఎగిరించాల్సిన చిందు వరసలు చివరికి జోలపాటల్లా తయారయ్యాయి.

ఆ రోజుల్లోనే రేడియోవాళ్ళు మా వాయింపు రికార్డు చేసుకోవడానికి వచ్చారు. వచ్చినాయన కళ్ళు మూసుకుని విని, "ఈ నిదానం ఎప్పటి నుంచండీ?" అని అడిగాడు.

"మాదెప్పుడూ ఇంతే," అన్నాడు కోల్మన్ గర్వంగా.

అది చెప్పాపెట్టకుండా ప్రసారమైన రోజు నేను ఆయన వంటింట్లోనే ఉన్నాను. ఆయన బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. రేడియోలో వాయిద్యాలు మొదలయ్యాయి.

"ఎవర్రా వీళ్ళు? శవం వెనక నడుస్తున్నారా? పాపం, ఆ కాన్సర్టినావాడికి ఎవరూ చెప్పేవాళ్ళు లేరా?"

నేను కిటికీలోంచి బయటి గొర్రెల్ని చూస్తూ నిలబడ్డాను. అంతలో రేడియోలో గొంతు పలికింది: "పడమటి క్లేర్‌లో తరతరాలుగా చెక్కుచెదరని నిదానపు బాణీ ఇది. వాయించింది కోల్మన్ టబ్రిడీ, ఆయన మిత్రులు."

ఆయన కత్తి కింద పెట్టాడు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"రేడియోలో ఏదో తేడా వచ్చుంటుంది," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు మెల్లగా.

ఆ ఆదివారం ఆయన వట్టి చేతులతో పబ్బుకు వచ్చి, పొయ్యి దగ్గరికి పోకుండా కౌంటరు ముందు కూర్చున్నాడు. నోనీ పోసిన నల్ల బీరు ముట్టుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి నా మీద జాలి పడుతున్నారు?" అని అడిగాడు.

"జాలా?" బ్రీడా ఫిడేలు ఒళ్ళో పెట్టుకుంది. "ఎవరైనా ఓ అడుగు ముందుకేస్తే బస్సు టైమైందా అంటావు. ఆ నోటికి జడిసి చచ్చాం కానీ జాలేంటి?"

"ఒక్క మాట చెప్పుండాల్సింది కదమ్మా."

"చెబితే నువ్వు రావడం మానేసేవాడివి. నువ్వు రాకుండా మేం ముగ్గురం పరుగులు తీసి ఏం సాధించాలి? ఊరికే రాద్ధాంతం చేయకు, కోల్మన్."

ఆయన గ్లాసు దగ్గరికి లాక్కుని, "సరే. ఇవాళ నేను వింటాను. మీరు అసలు వేగంతో వాయించండి. ఈ పరువు తక్కువ ఇంతటితో ఆగాలి," అన్నాడు.

వాయించాం. మొదటి చుట్టు ఎగిరిపడుతూ సాగింది. రెండో చుట్టులో సెనన్‌కు ఊపిరి చాలలేదు. మూడో చుట్టుకల్లా ముగ్గురం మళ్ళీ ఆ పాత నడకలోకే జారిపోయాం. మా చేతులు ఆ వేగాన్ని ఎప్పుడో మరిచిపోయాయి. కోల్మన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

రేడియోలో విని డబ్లిన్ నుంచి కారేసుకుని వచ్చిన జంట ఒకటి కిటికీ పక్కన కూర్చుని ఉంది. వారిలో మగాయన లేచి మా దగ్గరికి వచ్చాడు. "ఏమీ అనుకోకండి, మొదట్లో కాస్త తొందరపడ్డారు. తర్వాత అసలు బాణీ పట్టుకున్నారు. ఒళ్ళు పులకరించింది," అన్నాడు.

నోనీ గభాలున వెనక్కి తిరిగి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు ఊగిపోతున్నాయి. కోల్మన్ ఆ డబ్లిన్ మనిషిని ఎగాదిగా చూశాడు, మమ్మల్ని చూశాడు. తర్వాత రోడ్డు దాటి ఇంటికి వెళ్ళి, కాన్సర్టినా తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు.

ఆ వేసవిలో సంగీత శిబిరంవాళ్ళు ఆయన్ని "టబ్రిడీ నిదానం" నేర్పమని పిలిచారు. తిట్టి పంపిస్తాడనుకున్నాను. షేవింగ్ చేసుకుని, టై కట్టుకుని వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. గాల్వే నుంచి వచ్చిన ఒక అమ్మాయి వేళ్ళు మీటల మీద మెరుపుల్లా ఆడుతున్నాయి. వయసులో ఉన్నప్పుడు కోల్మన్ అచ్చం అలాగే వాయించేవాడు.

"తొందర తగ్గించమ్మా," అన్నాడు ఆమెతో. "ఈ బాణీకి ఓపిక కావాలి. ఇది పెద్దల నుంచి వచ్చింది."

టీ విరామంలో పక్కకు పిలిచి అడిగాను. "మీ నాన్న ఇలాగే వాయించేవాడా?"

"మా నాన్నా?" ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయన వాయిస్తే ఆడేవాళ్ళ బూట్లు ఊడి గోడకు తగిలేవిరా."

కప్పు కింద పెట్టి, టై సర్దుకుని మళ్ళీ లోపలికి నడిచాడు. ఆ అమ్మాయి చాలా కష్టపడి తన వేళ్ళను అదుపు చేసుకుంటోంది. కోల్మన్ తల పంకించాడు.

"ఇప్పుడు కాస్త దారిలో పడ్డావు. ఇంకొంచెం నెమ్మదిగా కానీ."