కొట్లాడనివ్వండి

మొన్న మంగళవారం మా సైకాలజీ మేడం పోయారు. సంతాప సభలో కాలేజీవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, "సౌమ్యురాలు, ఎవరినీ ఒక్క మాట అని ఎరగరు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే లేచి, నేనెరిగిన మేడం ఈమె కాదన్నాను. మీకూ అదే చెబుతాను.

అంతరిక్షంలోకి నెలల తరబడి వెళ్ళేవాళ్ళు ఇరుకు గదుల్లో ఒకరినొకరు ఎలా భరిస్తారన్నది ఆమె పరిశోధన. పుదుచ్చేరిలో కూర్చుని అదేం పనని నవ్వినవాళ్ళే ఎక్కువ. "మనం ఇంకా మనిషినే పంపలేదు, వాళ్ళ తగవులు మీకెందుకు?" అన్నాడొక పెద్దాయన, నా ముందే. "పంపినాక నేర్చుకుంటారా?" అన్నారు మేడం.

పట్టుబట్టి నిధి తెచ్చారు. నటేశన్ నగర్‌లో ఒక మేడ అద్దెకు తీసుకుని, కిటికీలు మూయించి, నలుగురు విద్యార్థినులను నెలన్నర లోపల ఉంచాలని ఏర్పాటు. నేనొకదాన్ని. బయటితో మాట మైకులోనే. దూరపు అంతరిక్ష ప్రయాణంలో లాగా, అడిగినదానికి జవాబు చాలాసేపటికి గానీ వచ్చేది కాదు.

కొన్నాళ్ళు బాగానే ఉన్నాం. తర్వాత, స్నానానికి నీళ్ళు ఎక్కువ వాడానని మిగతా ముగ్గురికీ కోపం వచ్చింది. తిట్టలేదు. మాట్లాడటం మానేశారు. నేను వస్తే నవ్వులు ఆగిపోయేవి. పేరు పెట్టి పిలిచే మనిషి లేక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

బయట, నిధి ఇచ్చిన ఆఫీసరు మా మాటల రికార్డింగులు విని మురిసిపోయాడట. "ఒక్క గొడవ కూడా లేదు, మంచి జట్టు!"

"గొడవ లేదు. ఆ పిల్ల గొంతూ లేదు," అన్నారట మేడం. మధ్యలో ఆపితే నిధి ఆగిపోతుందని ఆయన బెదిరిస్తే, "ఆపుకోండి" అని మెట్లెక్కి తలుపు తీశారు. కాలేజీలో ఎప్పుడూ తమిళమే మాట్లాడే మనిషి, నా భుజం పట్టుకుని మా ఇళ్ళ తెలుగులో, "ఏంది పాపా, ఇట్లయిపోయినావు?" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

రిపోర్టులో నన్ను వెలేసిన సంగతి తీసేయమని పైవాళ్ళు ఒత్తిడి చేశారు. ఆమె ఒక్క వాక్యం మార్చలేదు. రావలసిన ప్రమోషన్ రాలేదు. "పోతే పోనీ. దాచిపెట్టిన తగువే మనుషుల్ని చంపేది," అనేవారు.

మరుసటి ఏడు తన సొంత ఇంట్లోనే మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఎవరు "చాలు" అన్నా తలుపు తెరుచుకుంటుంది. కోపం వస్తే ఆరోజే మొహం మీద చెప్పాలి. వస్తానని మొదట చెయ్యెత్తింది నేనే. అరియాంకుప్పంలో మా అమ్మ, "మళ్ళా యాడికే?" అని అడ్డం నిలబడింది. "నా నోరు మూయించినచోటే మాట్లాడి వస్తా," అన్నాను.

పాత ముగ్గురిలో ఒకామె కూడా వచ్చింది. సాంబారులో ఉప్పు దగ్గర మొదలైన మా తగువు పాత నీళ్ళ గొడవ దాకా పోయింది. అరుపులకు పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడట. "కొట్లాడనీ సామీ, ఇప్పుడే పని జరగతా ఉంది," అన్నారట మేడం. ఆ సాయంత్రం ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం. ఎవరూ "చాలు" అనలేదు. గడువంతా ఉన్నాం.

ఆ ఫలితాలను పెద్దలెవరూ పట్టించుకోలేదు. ఆమె ఏటేటా కొత్త పిల్లలకు చెబుతూనే ఉన్నారు.

ఆ రెండోసారి బయటికొచ్చిన రోజు మమ్మల్ని కురుచికుప్పం సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళారు. ఎండకు కళ్ళు చికిలించుకుంటూ మేమిద్దరం ఇంకా ఏదో వాదించుకుంటున్నాం. ఆమె ముందు నడుస్తున్నారు, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి. వెనక్కి తిరగలేదు. నవ్వుతున్నట్టు భుజాలు మాత్రం కదులుతున్నాయి.