సారు వెతికిన నీలి సాలీడు

సారు పోయినారని నంద్యాల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. సారు కువైట్‌లో మనవాళ్ళ పిల్లలకు సైన్సు చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. అక్కడ బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఆయన ఎదురింట్లో పనిమనిషిని. ఈ రోజు మీకిది చెప్పడానికి బతికున్నానంటే ఆయన చలవే.

ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చిపడిన రోజు మా మామా, అంటే ఇంటి యజమానురాలు, పిల్లల్ని కారెక్కించుకుని సౌదీకి పోయింది. "తొందరగా వచ్చేస్తాం" అంటూ బయట నుంచి తలుపుకు తాళమేసింది. రాలేదు. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. తిండి అయిపోయింది. వీధిలో సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఏడుపు బయటికి వినపడకుండా చున్నీ నోట్లో కుక్కుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆపుకోలేక 'అమ్మా' అని పైకే ఏడిస్తే, ఎదురు మేడ మీంచి తెలుగు మాట వినబడింది.

"ఎవురమ్మా లోపల? యా ఊరు?"

"రాయచోటి సార్. తాళమేసి పోయినారు."

సారు సబ్హాన్‌లో కార్ల షెడ్డులో పనిచేసే మెకానిక్‌ను పిలుచుకొచ్చి తాళం కోయించినారు. ఆయన ఫ్లాటులో అప్పటికే కొన్ని తెలుగు కుటుంబాలు తలదాచుకున్నాయి. అక్కడా బందీలమే. ఊరికి ఫోన్ కలవదు. "మావాళ్ళు నేను చచ్చినాననుకుంటారేమో" అని ఏడిస్తే, సారు సాలీడు సంగతి ఎత్తుకునేవారు.

తెల్లదొరల కాలంలో గుత్తిలో, రైల్వేవాళ్ళు తెచ్చి పేర్చిన కట్టెల నడుమ, నెమలి మెడ రంగు సాలీడు ఒకటి దొరికిందంట. మళ్ళీ ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. ఆ కట్టెలు నల్లమలవే అయ్యుంటాయని, సెలవులకు వచ్చినప్పుడల్లా సారు ఆ అడవిలో చెట్టుచెట్టూ వెతికేవారు. "కనపడకపోతే లేనట్టు కాదమ్మా. ఆ చెట్టు దగ్గరికి మనం ఇంకా పోలేదంతే" అనేవారు.

చివరికి జోర్డాన్ పోయే బస్సులో ఆయనకు చోటు దొరికింది. నా పాస్‌పోర్టు మామా దగ్గరే ఉండిపోయిందని డ్రైవరు నన్ను ఎక్కనీలేదు. సారు సంచీ తీసుకుని దిగేసినారు.

"మీరు పోండి సార్. మీ పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"నిన్నిక్కడ వదిలిపెట్టి నా బిడ్డకు మొగం యాడ చూపించేది?"

పాస్‌పోర్టుకు బదులు ఎంబసీ ఇచ్చే కాగితం నా చేతికొచ్చేదాకా ఆ ఆఫీసు ముందర ఎండలో నా పక్కనే నిలబడినారు. ఇద్దరం కలిసే ఎడారి దాటినాం.

ఏండ్ల తర్వాత ఆ సాలీడు నల్లమలలోనే ఎవరో పరిశోధకుల కంటబడింది. సారు ఫోన్లో అరిచినారు: "బతికే ఉందమ్మా!"

"మీకు దొరకలేదే అని బాధ లేదా సార్?"

"ఎవురికి దొరికితే ఏం? ఉంది కదా!"

పోయినేడు నన్నూ అక్కడికి తీసుకుపోయినారు. అడవి గార్డు ఒక చెట్టు తొర్ర చూపించినాడు. లోపల నీలంగా ఒక కాలు కదిలింది. గార్డు, నేను జీపు దగ్గరికి వచ్చేసినాం. సారు రాలేదు. తెల్లచొక్కా మాసిపోతుందన్న ధ్యాసైనా లేకుండా ఎండుటాకుల్లో చతికిలబడి, తల పైకెత్తి, అట్లాగే చూస్తూ ఉండిపోయినారు.