వదిన తీసేసిన వెతుకుడు ముక్కలు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా వదిన పోయింది. నేను అప్పుడే కొడవలూరులో ఆఫీసుకు చేరి బ్యాగు కింద పెట్టాను. అన్న ఫోన్ చేసి, "ఇంక వచ్చేయ్ మే" అన్నాడు. కింద పెట్టిన బ్యాగు మళ్లీ భుజాన వేసుకున్నాను. మేముండే బిట్రగుంట రైల్వే క్వార్టర్సుకు వచ్చేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు.

పలకరింపుకు వచ్చిన ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంటూనే, "పాపం, మంచి పిల్ల. పేకాట పిచ్చి ఒకటుండేదంట గదా" అంది. నాకు ఒళ్లు మండింది. "పేకాట కాదు పెద్దమ్మా, నీకు తెలవకపోతే తెలవనట్టుండు" అన్నాను. అన్న నా భుజం నొక్కి, "గమ్మునుండు" అన్నాడు. ఆ పూట గమ్మునున్నాను గానీ ఇప్పుడు ఉండను. మా వదిన ఏం ఆడిందో, ఎలా ఆడిందో మీకు చెప్పి తీరాలి.

అది బొమ్మల ముక్కల ఆట. ఒక్కో ముక్క మీద ఒక మృగమో, మాంత్రికుడో, పిడుగో ఉంటుంది. ఆ బొమ్మ కింద అది ఏం చేయగలదో రాసి ఉంటుంది. వేలకొద్దీ ముక్కల్లోంచి ఎవరికి వాళ్లు అరవై ఏరుకుని కట్ట తయారు చేసుకోవాలి. ఆ కట్టతో ఎదుటివాళ్ల కట్టను ఓడించాలి. పందేలు గిందేలు ఉండవు. చెన్నైలో పెద్ద పోటీలు జరుగుతాయి. వదిన అక్కడ చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఈ ఆట అంటించుకుని, పెళ్లయ్యాక మా ఇంటికి చీరలతో పాటు అట్టపెట్టెల నిండా ముక్కలు తెచ్చుకుంది.

ఆడటం కంటే కట్ట తయారు చేయడమే ఆమెకు ఇష్టం. దాన్ని "ఏరడం" అనేది. నా ఉద్యోగం కొడవలూరులోనే అయినా మకాం వాళ్లింట్లోనే కాబట్టి, ఆదివారం భోజనాలయ్యాక "ఏరదాం పా, అమ్మణ్ణీ" అని నన్ను లాక్కుపోయేది. మంచం మీద దుప్పటి పరిచి, అరవై ముక్కలూ వరసలుగా పేర్చేది. వదిన పుట్టిల్లు సముద్రం పక్క పల్లె. మా అన్న అటుగా పోతూ, "ఏంది, మీ నాయన చేపలెండబెట్టినట్టు పరిచినావే?" అని ఎత్తిపొడిచేవాడు. "చేపలైతే కాకులన్నా వచ్చేవి, నువ్వు కూడా రావు గదా" అనేది వదిన.

ఏరడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఒకసారికి ఒక్క ముక్కే తీయాలి, దాని చోట ఒక్కటే పెట్టాలి. వారమంతా ఆ మార్పుతోనే ఆడి చూడాలి. తీసేసిన ముక్కను పెట్టెలో పడేయకుండా కిటికీ దగ్గర ఆనించి పెట్టేది. "అలిగి పుట్టింటికి పోయిందిలే, పిలిస్తే వస్తాది" అనేది. ఇక ఆడి చూడటానికి శత్రువు కావాలి గదా, ఆ శత్రువును నేను. చెన్నైలో ఎవరెవరు ఎలాంటి కట్టలతో గెలుస్తున్నారో చూసి, అసలు ముక్కలకు బదులు వాటి పేర్లు కాగితాల మీద రాసి, ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి నా చేతికిచ్చేది. వదిన చేతిలో ఓడిపోవడానికే పుట్టానని నేను ఏడుపుమొహం పెడితే, "బాగా ఓడిపోతావమ్మణ్ణీ, ఎక్కడ ఓడిపోయినావో చెప్తావు గూడా. అట్టాంటోళ్లు దొరకరు" అనేది. అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకసారి ఏదో ముక్క పనికిరాదని నేనే తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "పనికిరాని ముక్క తీసేదానికి తెలివెందుకు? పనికొచ్చేదాన్ని తియ్యాల. ఆడుండాది కష్టం" అంది.

వలలు అల్లే ఇంట్లో పెరిగిన వేళ్లు ఆమెవి. ముక్కలు కలుపుతుంటే చూడముచ్చటగా ఉండేది. అలాంటి చేతుల్లోంచి ఒక ఆదివారం కట్ట మొత్తం జారి నేల మీద పడింది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాతి వారం మళ్లీ పడింది. ఆ తర్వాత గరిటె జారింది, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం చేతకాక నన్ను పిలిచింది. అప్పటికి నవ్వడం మానేశాం.

నెల్లూరులో చూపించి, అక్కడి నుంచి చెన్నై తీసుకుపోయాం. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బన్నారు. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట, చివరకు ఊపిరి. మందు లేదని డాక్టరు చాలా నెమ్మదిగా చెప్పాడు. ఎన్నాళ్లు బతుకుతానని వదిన అడుగుతుందేమోనని మా అన్న గోడ వైపు తిరిగిపోయాడు. ఆమె అడిగింది అది కాదు. "చేతులు ఎన్నాళ్లుంటాయి సార్?" అంది.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. చెన్నైలో జరిగే పెద్ద పోటీకి వదిన ప్రతిసారీ పోయేది. రోజంతా ఆడి ఆడి, చివరికి మిగిలే ఎనిమిది మందే రెండో రోజుకు పోతారు. ఆ ఎనిమిది మందిలో ఆమె ఎప్పుడూ లేదు. ఒక్కసారి, చేతులు పోయేలోపల, తన చేతులతోనే ఆడి ఆ ఎనిమిది మందిలో నిలవాలి. అది తప్ప ఆమె ఇంకేం కోరలేదు. ముక్కలు కలపలేనివాళ్లు చెప్పుకుంటే తోడు మనిషిని ఇస్తారంట గదా అని మా అన్న అన్నాడు. "ఇస్తారు. ఇప్పుడొద్దు. ఉన్నన్నాళ్లు ఇవి నా చేతులే" అంది.

అప్పుడు మొదలుపెట్టింది, నాకు అసలు నచ్చని పని. కట్టలోకి చేయి పెట్టి, మనకు కావాల్సిన ముక్కను వెతికి తెచ్చుకోనిచ్చే ముక్కలు కొన్ని ఉంటాయి. వాటిని మేం వెతుకుడు ముక్కలనే వాళ్లం. ఏ బలమైన కట్టకైనా అవే ప్రాణం. కానీ వెతికిన ప్రతిసారీ కట్ట మొత్తం మళ్లీ కలపాలి, ఎదుటివాళ్ల ముందు పెట్టి కోయించాలి. ఆలస్యమైతే జడ్జి ఒప్పుకోడు. వదిన వేళ్లు ఒక ఆటలో అన్నిసార్లు కలపలేవు. అందుకని ఒకదాని తర్వాత ఒకటి, వెతుకుడు ముక్కలన్నీ తీసేసింది.

"ఏంది వదినా ఇది? గెలిచే ముక్కలన్నీ తీసేసి ఏం మొహం పెట్టుకొని పోతావు ఆడికి?" అని అరిచాను.

"పైన ఏదొస్తే దాంతోనే పని జరిగేటట్టు కట్టాల" అంది, తల ఎత్తకుండానే.

నెలల తరబడి అదే పని. కాబోయే కోడలిని ప్రశ్నించే అత్తలాగా ఒక్కో ముక్కనూ ఎదురుగా పెట్టుకుని, "మొదట్లో వస్తే ఏం చేస్తావు? ఆఖర్లో వస్తే ఏం చేస్తావు?" అని అడిగేది. రెండింటికీ జవాబు లేని ముక్క ఎంత గొప్పదైనా కిటికీ దగ్గరికి పోవాల్సిందే. మొదట్లో నేను సులువుగా గెలిచేదాన్ని, గెలిచి ఏడ్చేదాన్ని. రానురాను గెలవడం కష్టమైంది. చివరికి నా చేతిలో చెన్నైలోకెల్లా బలమైన కట్ట పెట్టి కూడా ఓడించడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లు ఒకవైపు వంకర్లు పోతుంటే కట్ట మాత్రం అంతకంతకూ చక్కబడింది.

మా సముద్రపు గాలికి ముక్కలు చెమ్మ పీల్చుకుని వంగిపోతాయి. అందుకని వదిన మొదట్నుంచీ కట్ట పెట్టెను బియ్యం డ్రమ్ములో పూడ్చి పెట్టేది. మామూలు ముక్కలు దానికి చక్కగా నిలిచేవి. పోటీకి ముందు మా అన్న, పాపం, ఆ ఆట ఓనమాలు కూడా తెలియని మనిషి, ఆమె కట్టలో ఒకే రకంవి నాలుగుండే ముక్కలనే, మెరుపు పూత ఉన్నవి కొనుక్కొచ్చాడు. ముక్క అదే, ఆట అదే, మీద తళతళ మాత్రం ఎక్కువ. "మంచివి తెచ్చినా" అని చేతిలో పెడితే వదిన మొహం వెలిగిపోయింది. పాతవి తీసి బ్యాగులో వేసి, ఆ నాలుగూ కట్టలో పెట్టించింది. బియ్యంలో ఉన్నన్నాళ్లు అవి పలకల్లాగా ఉన్నాయి.

చెన్నైలో హాలంతా ఏసీ. పొద్దున్నుంచీ వదిన ఆడుతూనే ఉంది. నేనూ అన్నా తాడు కట్టిన చోట నిలబడి చూస్తున్నాం. ఓడింది, గెలిచింది, గెలిచింది, మళ్లీ గెలిచింది. రౌండుకూ రౌండుకూ మధ్య వేడినీళ్ల సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చునేది. సాయంత్రానికి చివరి రౌండు వచ్చింది. ఇది గెలిస్తే ఎనిమిది మందిలో ఉన్నట్టే.

రౌండు మొదలవబోతుంటే జడ్జి వచ్చి ఇద్దరి కట్టలూ చూశాడు. ఎవరివైనా చూస్తారు, అది మామూలే. వదిన కట్టను బల్ల మీద పెట్టి వంగి చూసి ఆగిపోయాడు. ఆ మెరుపు ముక్కలు నాలుగూ చల్లగాలికి, పూత ఒక తీరు అట్ట ఒక తీరు బిగుసుకుని, వీపు వంచుకుని కూర్చున్నాయి. వెనక నుంచి చూసినా అవి ఏవో తెలిసిపోతుంది. మోసమని అతను అనలేదు, మంచిగానే చెప్పాడు. కానీ నిబంధన నిబంధనే. రౌండుకు మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్లదే రౌండు; అందులో ఒకటి ఆడకుండానే ఎదుటి మనిషికి ఇచ్చేశాడు. ఆ నాలుగూ తీసేసి వేరేవి పెట్టుకోమన్నాడు.

పాత ముక్కలు బ్యాగులోనే ఉన్నాయి. ప్రతి ముక్కకూ ఉండే ప్లాస్టిక్ తొడుగులోంచి ఒకటి తీసి ఇంకొకటి దూర్చడం, అంతే పని. వదిన గోటితో లాగింది. రాలేదు. బల్ల అంచుకు ఆనించి నెట్టింది. రాలేదు. పళ్లతో పట్టుకోబోయి, చుట్టూ చూసి, కింద పెట్టేసింది. కలపడాలన్నీ లెక్క చూసుకుని తీసేసిన మనిషి, ఈ పని పడుతుందని అనుకోలేదు.

అప్పుడు వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. "అమ్మణ్ణీ, రా."

జడ్జి తలూపాడు. నేను పోయి నాలుగు తొడుగులూ మార్చాను. ఆ కాసేపూ వదిన తన చేతులను బల్ల కింద పెట్టుకుని కూర్చుంది. తాడు దగ్గర మా అన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాతి ఆట వదిన గెలిచింది. చివరి దాంట్లో కట్ట పైనుంచి కావాల్సింది రాలేదు. ఎంతసేపు నెట్టుకొచ్చినా రాలేదు. ఎదుటి అతను లేచి చేయి కలిపాడు. వదిన చేయి అతని చేతిలో మెత్తగా, బరువు లేకుండా ఉండిపోయింది.

తిరుగు రైల్లో కావలి వాళ్లెవరో సీటు ఇస్తే కూర్చుంది. మా అన్న కిటికీ బయటకే చూస్తున్నాడు. "నీ వల్ల కాదులే. ఆ ఏసీ వల్ల" అంది అతనితో. గూడూరు దాటాక నా చెవి దగ్గరికి వంగింది. "ఒక్క వెతుకుడు ముక్క ఉండుంటే గెలిచేదాన్ని. ఉండుంటే ఆడదాకా పోయేదాన్నే కాదు."

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు, చెప్పబుద్ధి కావడమూ లేదు. డాక్టరు చెప్పిన వరసలోనే అన్నీ జరిగాయి. చేతులు పోయాయి. అన్నం మా అన్న కలిపి పెట్టేవాడు, తల నేను దువ్వేదాన్ని. ముక్కల మాట ఎత్తితే మొహం తిప్పుకునేది. మంచానికి పడ్డాక మాట ముద్దముద్దగా వచ్చేది. ఆ రోజుల్లో ఒక ఆదివారం, "ఏరదాం పా" అంది. నాకు అర్థం కాక రెండోసారి చెప్పించుకున్నాను.

"వెతుకుడు ముక్కలన్నీ తే" అంది.

తెచ్చాను. ఒకదాని తర్వాత ఒకటి అన్నిటినీ కట్టలో పెట్టించింది. "ఇప్పుడు కలిపేది నువ్వు గదా. ఎన్నిసార్లయినా వెతకొచ్చు" అని నవ్వబోయి, దగ్గుతో ఉక్కిరిబిక్కిరైంది. ఆ కట్టతో నన్ను చెన్నై పోయి ఆడమంది. నా వల్ల కాదన్నాను, ఓడిపోయేదానికే పుట్టినా గదా అన్నాను. "పుట్టలా. నేనే ఓడించినా" అంది. అంత బలమైన కట్టను ఆమె జీవితంలో ఎప్పుడూ తయారు చేయలేదు. చేతులున్నప్పుడు దాన్ని కట్టలేదు, కట్టినప్పుడు చేతులు లేవు. దేవుడనేవాడు ఉంటే ఈ సంగతి అడగాలని ఉంది నాకు.

మాట కూడా పోయాక కళ్లతో చెప్పేది. ముక్కను చూస్తే ఉండాలి, కళ్లు మూస్తే పోవాలి. అలా నెమ్మదిగా యాభై తొమ్మిది కుదిరాయి. ఆఖరి చోటు ఒక్కటి తేలలేదు. ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను దాన్ని నింపను, ఎవరినీ నింపనివ్వను.

పోయే ముందు ఆదివారం ఆమె తల కింద దిండు ఎత్తు చేసి, మంచం పక్కన కూర్చున్నాను. ఒక్కో చేతిలో ఒక్కో ముక్క పట్టుకుని కళ్లకు ఎదురుగా ఎత్తాను. "ఏది వదినా?" అన్నాను. కళ్లు మూయలేదు. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఏదో ఒకటి తేలుస్తుందని కాచుకున్నాను. చాలాసేపటికి గాని తెలిసిరాలేదు, ఆమె చూస్తున్నది ముక్కలను కాదు. వాటిని పట్టుకున్న నా వేళ్లను. అవి ఎలా వంగి ఉన్నాయో, బొటనవేలు ఎక్కడ ఆనిందో, ఒక్కో వేలినీ చూస్తోంది. నేను చేతులు దించలేదు.