సోమవారం ఆపరేషన్‌ను గురువారానికి మార్చాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక ఫోన్ కాల్. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సూర్యాపేటలోని ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారం ఉదయం జరగాల్సిన నా భార్య ఆపరేషన్‌ను గురువారానికి మార్పించాను. ఆమెకు మాత్రం డాక్టర్ గారే మార్చారని చెప్పాను.

మాది కోదాడ. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర నా పని. నా భార్య స్వప్నది మిర్యాలగూడ. మా పెద్దపాప అక్షిత నార్మల్ డెలివరీలోనే పుట్టింది. రెండోసారి ఏడో నెలలో స్వప్నకు షుగర్ వచ్చింది. తొమ్మిదో నెలలో గ్రోత్ స్కాన్ తీస్తే బిడ్డ బరువు నాలుగు కిలోల పైనే అని రాశారు.

డాక్టర్ గారు ఆ కాగితం చూసి మెల్లగా చెప్పారు. "స్కాన్‌లో వచ్చేది అంచనానే అమ్మా. అరకిలో అటూ ఇటూ ఉండొచ్చు. మొదటిది నార్మల్ కాబట్టి ఇప్పుడూ ట్రై చేయొచ్చు. కానీ షుగర్ ఉన్న తల్లుల బిడ్డలకు భుజాలు పెద్దగా ఉంటాయి. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కునే రిస్క్ ఉంది. షోల్డర్ డిస్టోషియా అంటాం. అందరికీ అవ్వదు. ఆపరేషన్‌కు కూడా దాని రిస్కులు ఉన్నాయి. బ్లీడింగ్, ఇన్‌ఫెక్షన్, తర్వాతి కాన్పుకు ఇబ్బంది. ఏది కావాలో నువ్వు ఆలోచించుకో."

నేను ఏదో అనబోయాను. "మిమ్మల్ని కాదండీ, ఆమెను అడుగుతున్నా" అన్నారు.

స్వప్న రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఇరుక్కుంటది అన్న మాట ఇన్నకాన్నుంచి నాకు పానం పానంల లేదు. కోత పడితే నాకే పడని. ఆపరేషనే చేయించుకుంట." మళ్లీ వెళ్లి చెప్పాం. సోమవారం రమ్మన్నారు.

నేను బైకు కొన్నా, అక్షితను బడిలో వేసినా పంతులు గారిని అడిగే చేశాను. ఎలాగూ ఆపరేషనే కాబట్టి మంచి గడియలో పుట్టిస్తే ఏం పోతుంది అనుకుని, స్వప్నకు చెప్పకుండా వెళ్లాను. ఆయన పంచాంగం తిప్పారు.

"సోమవారం మూల నక్షత్రం నాయనా. తండ్రికి గండం. మంగళవారం వద్దు, బుధవారం అమావాస్య. గురువారం శ్రవణం. దివ్యంగా ఉంది."

తండ్రికి గండం. నాకు ఆ మాట తప్ప ఇంకేమీ వినబడలేదు. బయటికి వచ్చి, చెప్పులు వేసుకోకముందే ఫోన్ చేశాను. ఆసుపత్రి నర్సు డాక్టర్ గారిని అడిగి మళ్లీ లైన్‌లోకి వచ్చింది.

"మూడు రోజులే కాబట్టి సరే అన్నారు సార్. కానీ ఏ కొంచెం నొప్పి వచ్చినా, నడుము లాగినా, నీరు పోయినా ఆగొద్దన్నారు. రెండో కాన్పు తొందరగా అయితది. ఆమెకు మంచిగ చెప్పండి."

నేను చెప్పలేదు. ఆ జాగ్రత్తలు చెబితే తేదీ ఎవరు మార్చారన్న ప్రశ్న వస్తుంది. అందుకే ఇంటికి వెళ్లి, "షుగర్ కంట్రోల్‌లోనే ఉందట, తొందరేం లేదట, గురువారం రమ్మన్నారు" అన్నాను. స్వప్న సర్దిన సంచీ మంచం కిందికి నెట్టింది.

మంగళవారం పది గంటలకు నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేసింది. "నడుము లాగుతాంది. పొద్దటిసంది."

"నొప్పులా?"

"ఏమో. డాక్టరమ్మ తొందర లేదన్నది గద, సూద్దాం తీ."

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండవచ్చు. ఎదురుగా కాటా మీద లారీ ఉంది. "సరే, పడుకో" అన్నాను. గురువారం దాకా ఆగితే చాలు అని మనసులో అనుకున్నాను కూడా. ఇది రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉన్న మా అమ్మ ఫోన్ చేసి స్వప్నకు ఉమ్మనీరు పోయిందని చెప్పింది. కారు మాట్లాడుకుని వాళ్లిద్దరూ బయలుదేరారు. నేను వెనకాల బైకు మీద వెళ్లాను. నేను చేరేసరికి స్వప్న లేబర్ రూములో ఉంది. తల బాగా కిందికి దిగిందని, ఇక ఆపరేషన్‌కు టైం లేదని నర్సు చెప్పింది. తలుపు అవతల ఒకేసారి చాలామంది మాట్లాడారు. "భుజం... కాళ్లు బాగా వెనక్కి పట్టండి" అని డాక్టర్ గారి గొంతు వినబడింది. నేను తలుపు బయటే నిలబడ్డాను. ఎంతసేపో నాకు తెలియదు. గోడ మీద టీకాల పట్టిక ఉంటే మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క ముక్క గుర్తులేదు.

ఆడపిల్ల. నాలుగు కిలోల మూడు వందలు. ఏడ్చింది. ఎడమ చెయ్యి ఆడించింది. కుడి చెయ్యి పక్కన వేలాడింది.

"మెడ దగ్గర నరాలు సాగాయి. ఎర్బ్స్ పాల్సీ అంటారు" అన్నారు పిల్లల డాక్టర్. "చాలామందికి కొన్ని నెలల్లో కదలిక తిరిగి వస్తుంది. పూర్తిగా వస్తుందా అని నన్ను ఇప్పుడే అడగకండి."

స్వప్నను మిర్యాలగూడలో పుట్టింట్లో ఉంచాం. మూడో వారం నుంచి అక్కడే ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. రోజుకు నాలుగుసార్లు, భుజం, మోచెయ్యి, మణికట్టు, ఒక్కోటి పదిసార్లు మెల్లగా కదిలించాలి. నేను బట్టలు సర్దుకుని అత్తగారింటికే వెళ్లిపోయాను. అక్కడి నుంచే డ్యూటీకి వెళ్లేవాణ్ణి.

"ఏం అల్లుడా, ఇల్లరికం వచ్చినవా? మీ మామ ఏం రాసిచ్చిండు?" అని పక్కింటి పెద్దాయన రోజూ అనేవాడు. నవ్వే ఓపిక ఉండేది కాదు.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం, పాప మోచెయ్యి వంచుతూ స్వప్నకు అంతా చెప్పాను. పంతులు, ఫోన్, నర్సు చెప్పిన జాగ్రత్తలు. ఆమె నా ముఖం చూడలేదు. పాప చేతినే చూస్తూ, "ఆరు అయినయ్. ఇంక నాలుగు" అంది. నాలుగూ చేశాను. పాపను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పదమూడో రోజు అడిగింది. "నాకు భయమైతాందని నీ ముందల్నే చెప్పిన గద. నీ భయం నాకెందుకు చెప్పలే? కల్సి భయపడేటోళ్లం."

పాప చేతిని అందుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మూడో నెల చివర పాప మోచెయ్యి తనంతట తానే కొంచెం వంగింది. ఆ తర్వాత ఆరు వారాలు ఏ మార్పూ లేదు. సర్జరీ అవసరం పడవచ్చని ఒకసారి అన్నారు, తర్వాత వద్దన్నారు. పాపకు నిత్య అని పేరు పెట్టాం. ఇప్పుడు రెండున్నరేళ్లు. కుడిచేత్తోనే అన్నం తింటుంది. అక్షిత జడ పట్టుకుని లాగుతుంది. చెయ్యి భుజం కంటే కొంచెం పైదాకా లేస్తుంది, ఆ పైకి పోదు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను.

ఆపరేషనా, నార్మలా అని నేను ఎవరికీ చెప్పను. అది డాక్టరూ, కనబోయే తల్లీ తేల్చుకోవాలి. చెప్పగలిగింది ఒక్కటే. తేదీ మార్చాలనిపిస్తే, ఆ ఫోన్ ఆమె పక్కన కూర్చుని, స్పీకర్ పెట్టి చేయండి. అవతలివాళ్లు చెప్పే ప్రతి మాటా ఆమె చెవిన పడాలి.

మొన్న కాటా దగ్గర నాతో పనిచేసే యాదగిరి అడిగాడు. "అన్నా, మా ఇంటామెకు వచ్చే వారం ఆపరేషన్. మీ పంతులు నంబరుంటే ఇయ్యి."

అతన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. తర్వాత నంబరు ఇచ్చాను. ఇచ్చేముందు అతని ఫోన్‌లోనే అతని భార్యకు కలిపించి, స్పీకర్ ఆన్ చేసి, "అమ్మా, మీ డాక్టర్ ఏ రోజు నుంచి ఏ రోజు లోపల ఆపరేషన్ చేయొచ్చన్నారు?" అని ఆమెనే అడిగాను.