నాయన నా అరచెయ్యి తడిమిన రోజు

ఈరోజు ధర్మవరంలో కూతురి పెళ్ళిచీర చూస్తుంటే నా వేలి గరుకుకు ఒక పట్టుపోగు తగులుకుంది. "సార్, మెల్లగా!" అన్నాడు అంగడాయన. నా మనసప్పటికే చిన్నప్పటి మా ఇంట్లో, గుంతలో కూచుని నేసే మా గుంతమగ్గం పక్కకు వెళ్ళిపోయింది.

మగ్గాల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చేతులు గరుకెక్కితే పోగు చిక్కుకుంటుందని మగ్గం పని చేసే మా అమ్మను అంట్లు తోమనిచ్చేవాళ్ళు కాదు, అవ్వే తోమేది. అలాంటి ఇంట్లోంచి నేను హిందూపురంలో ఐటీఐకి పోయి మెషినిస్టు ట్రేడులో చేరాను. పొద్దస్తమానం ఆకురాయితో ఇనుపముక్కను రుద్దడమే పని.

ఒక శనివారం ఇంటికొచ్చేసరికి అమ్మకు జ్వరం. మగ్గం మీద సాయంత్రానికి దించాల్సిన పెళ్ళిచీర ఉంది, దాని పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగులు తెగి ఉన్నాయి.

"రాప్పా, ఈ పోగులు అతుకు" అన్నాడు నాయన.

చిన్నప్పటి నుంచీ నేను చేసే పనే. కానీ వేళ్ళు పెట్టగానే పట్టు పట్టేసుకుంది. విడిపించబోతే పక్క పోగులూ తెగాయి. అవ్వ గడపలోనే నిలబడిపోయింది.

నాయన గుంతలోంచి లేచి వచ్చాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. ఆయన నా అరచెయ్యి తిప్పి, బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"ఆ చదువు అబ్బకపోతే మగ్గం ఉండాదిలే అనుకుంటి. ఈ చేతుల్ని పట్టు ఇంగ దగ్గరికి రానీదప్పా. ఇనుమన్నా బాగా నేర్చుకో."

ఇప్పుడు ధర్మవరం అంగట్లో నా వేలికి తగులుకున్న ఆ పోగును జాగ్రత్తగా విడిపించుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"మడత నువ్వే విప్పమ్మా" అన్నాను కూతురితో.