సుత్తి బాబాయ్ ఎక్కని వ్యాగన్

పాత రైలు ట్యాంకు వ్యాగన్లను బాగుచేసే మా బృందంలో అందరం ఆదివారాల్లో సరదాకి వచ్చే మనుషులమే. ఒక పంతులమ్మ, ఒక మందుల షాపాయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన నేను. పని నిజంగా తెలిసినవాడు సుత్తి బాబాయ్ ఒక్కడే. సుత్తి కొడతాడని కాదు ఆ పేరు, రోజుకు నాలుగు మాటలైనా ఆడడు. రేకు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చప్పుడు విని, తుప్పు ఎక్కడ తినేసిందో చెప్పేవాడు.

మూడో వ్యాగన్ షెడ్డులోకొచ్చిన వారం, పంతులమ్మ పాత రంగు గీకుతుంటే కింద నుంచి తెల్ల అంకెలు బయటపడ్డాయి. ఆవిడ నంబరు పైకి చదవగానే బాబాయ్ చేతిలోంచి సుత్తి జారింది. ఆ తర్వాత ఆయన దాని నిచ్చెన మీద కాలు పెట్టలేదు. మోకాలు నొప్పన్నాడు. పక్క వ్యాగన్ మాత్రం చకచకా ఎక్కేవాడు. మేం టీ తాగుతుంటే ఆ ఖాళీ ట్యాంకు వైపే చెవి ఒగ్గి నిలబడేవాడు. ఎండకు రేకు సాగి టక్కుమంటే మొహం పాలిపోయేది.

"లోపల ఎవరున్నారో చూడు," అన్నాడొకసారి. పైమూత తీసి లైటు వేశాను. తుప్పు తప్ప ఏమీ లేదు. చెప్పినా నమ్మినట్టు లేదు.

లోపల గీకడానికి నేను దిగబోయిన రోజున చొక్కా పట్టి వెనక్కి లాగాడు. లోపలి గాలి పరీక్ష చేశారా అన్నాడు. అయిందట అన్నాను.

"నువ్వు కళ్లారా చూశావా?"

చూడలేదు. అప్పుడు రైలు పట్టా మీద కూలబడి చెప్పుకొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వర్క్‌షాపులో, మనుషులు దిగేముందు ట్యాంకులో విషవాయువు ఉందేమోనని గాలి పరీక్షించే పని ఆయనదే. ఈ వ్యాగన్ కడగడానికి దిగింది సొంత బావ. ఆ రోజు పని తెమలాలన్న తొందరలో, పరీక్షించకుండానే గాలి బాగుందని రాసి సంతకం పెట్టాడు. బావను శవంగా పైకి లాగారు. ఆ సంతకం కాగితం బయటికి రానివ్వకుండా, అనుమతి లేకుండా తొందరపడి దిగాడని విచారణలో తేల్చారు. బాబాయ్ కూడా అప్పుడు అవునని తల ఊపాడు. అక్క కూడా అదే నమ్మింది.

మర్నాడు బాబాయ్ తోడు రమ్మంటే వాళ్ల అక్కగారింటికి వెళ్లాను. ఆవిడ కుట్టుమిషను ఆపి అంతా విన్నది. తిట్టలేదు. "నాకు కాదు, దానికి చెప్పు," అని కూతుర్ని పిలిచింది. చిన్నప్పుడు మెట్లు గబగబా దిగినా, అన్నం ఆదరాబాదరాగా తిన్నా, తండ్రి పోలికే అనిపించుకుంటూ పెరిగిన పిల్ల. ఇప్పుడు నడివయసు మనిషి. నిలబడే విన్నది.

"మామయ్యా, దిగేముందు నాన్న ఏమన్నాడు?"

"గాలి చూశావా అని అడిగాడమ్మా. చూశానన్నాను."

ఆమె లోపలికెళ్లి తలుపేసుకుంది. అక్కగారు మమ్మల్ని వెళ్లమనలేదు, కూర్చోమనలేదు.

వారం తర్వాత మేనకోడలే వచ్చి, షెడ్డులో బల్ల ముందు కూర్చుని, ఆయన చెప్పినదంతా రాసి సంతకం పెట్టించుకుంది. విచారణలో రాసింది దిద్దమని ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ వర్క్‌షాపు ఆఫీసుకెళ్లారు. పాత ఫైలు ఎప్పుడో తగలబెట్టేశామన్నారు అక్కడ. కాగితం ఆమె దగ్గరే ఉంది. అక్కగారు మాత్రం తమ్ముడితో ఇంకా మాట్లాడటం లేదు.